శాంపిల్

ఎనుమాముల యార్డులో మిర్చి లెక్కలకి
స్మార్ట్ కాంట్రాక్టు రాస్తున్నాను.
గొలుసు మీదికి ఒకసారి ఎక్కితే
కొట్టివేత ఉండదు,
కొట్టివేత పక్కన పొట్టి సంతకం ఉండదు.

బస్తా ఒక స్ట్రక్చర్. లోపల బరువు: నలభై.
'తీయి' అనే ఫంక్షన్‌ని పిలిస్తే
గుప్పెడు తీసి నా చేతిలో పెట్టాలి,
బస్తాలో అంత తగ్గాలి.

పిలిచాను. గుప్పెడు వచ్చింది.
బస్తా నలభై.
మళ్లీ పిలిచాను, పదకొండు సార్లు.
చేతిలో కుప్ప పెరుగుతోంది,
బస్తా నలభై దగ్గరే మొండికేసి కూర్చుంది.
ఎర్ర గీత లేదు, తిట్టు లేదు.
తప్పు ఇంత మర్యాదగా ఉంటుందని నాకు తెలియదు.

కాంటా వదిలి దడ్వాయి కొమ్రెల్లి
ముక్కుకి తువ్వాల కట్టుకునే నా తెర మీదికి వంగాడు.
"తీసినా తగ్గని బస్తానా?
గసుంటిది ఓదెమ్మకు ఒక్కటి ఇయ్యరాదు బిడ్డా.
పొద్దటిసంది ఆరుగురు ఖరీదుదార్లు
శాంపిల్ శాంపిల్ అనుకుంట ఆమె బస్తాల చెయ్యివెట్టిన్రు.
చూసినోడు చూసినట్టు పోలే,
పిడికిలి మూసుకొని పోయిండు.
అద్దకిలో పాయె. రాసిన్రా ఎవలన్న?"

ఎవరూ రాయలేదు.
తక్‌పట్టీలో శాంపిల్‌కి గడి లేదు.

రాత్రి కాజీపేట గదిలో, గూడ్సు బండి దాటుతుండగా
అర్థమైంది:
పిలిచిన ప్రతిసారీ ఆ ఫంక్షన్
బస్తా నకలుని విప్పుతోంది.
నకలులో చెయ్యి పెట్టి, నకలుని తగ్గించి,
పని కాగానే నకలుని పారేస్తోంది.
అసలు బస్తా కుట్టిన మూతి కుట్టినట్టే ఉంది.

పేరుకి ముందు ఒక్క మాట పెట్టాలి, మ్యూటేట్స్ అని.
'ముట్టినదాన్ని నేను మారుస్తాను' అని
లోపలికి పోకముందే ఒప్పుకోవడం.
యార్డులో ఏ చెయ్యీ ఇట్లా చెప్పి పోగా చూడలేదు.

పెట్టేముందు ఆగాను.
పెట్టకపోతే ఓదెమ్మ బస్తా ఎప్పటికీ నలభై.
అబద్ధమే,
కానీ ఇన్నేళ్లలో ఆమె వైపు నిలబడ్డ అబద్ధం అదొక్కటే.

పెట్టాను.
ముప్పై తొమ్మిదిన్నర.
తగ్గిన ప్రతి గుప్పెడు పక్కనా
తీసిన చేతి పేరు, గంటా నిమిషంతో సహా.

తెల్లారి కొమ్రెల్లికి చూపించాను.
వేలు పెట్టి ఒక్కో పేరూ కూడబలుక్కుని చదివాడు.
"పేర్లు ఉండుడు మంచిదే," అన్నాడు,
కండ్లు తుడుచుకుంటూ. మిర్చి ఘాటు.
"మరి అద్దకిలో?"

ఆ ఫంక్షన్ ఇంకా రాయలేదు.