ఎర డబ్బా

ఆదివారం మిల్లు సైరన్ కూయదు.
కూయని సైరన్‌కే మెలకువ వచ్చేస్తుంది నాకు.
పాలపొడి డబ్బా, మూతకి మేకుతో పొడిచిన ఏడు కన్నాలు,
లోపల తడిపిన జనపనార,
నార పోగుల్లో చుట్టుకుని ఎర్రలు.
వారమంతా నేను నేసే నారే ఇది,
ఒక్క రోజు వాటికి పరుపు.

నెల్లిమర్ల వంతెన కింద చంపావతిలోకి దిగేసరికి
అసిరయ్య మామ ముందే వచ్చి కూర్చునేవాడు.
గాలం వేసేవాడు కాదు. చుట్ట సగమయ్యేదాకా ఏటినే చూసేవాడు.
"ముందు ఏరేటి తింటందో సూడరా బావూ,
సేపేటి తింటదో తరవాత సూద్దుము."

పైన కొండల్లో పడిన మర్నాడు
నీళ్లు చోడంబలి రంగులో దిగుతాయి.
అప్పుడు చేప కళ్లతో వెతకదు, మీసాలతో వెతుకుతుంది.
జెల్లకి వాసన కావాలి:
కోడి పేగు, లేదంటే పులిసిన తవుడు ముద్దలో
మా ఆవిడ చూడకుండా తెచ్చిన ఇంగువ.

నీరు తేరితే లెక్క మారిపోతుంది.
రాయి వెనక సుడి తిరిగే చోట మిడత,
వీపు మీదుగా గుచ్చాలి, కాళ్లు ఆడుతూ ఉండాలి.
పక్కెలకి అన్నం మెతుకు చాలు,
పక్కెలకేం, బడిపిల్లలు.
తొలకరి రాత్రి వీధిదీపం కింద రాలిన ఉసుళ్లు
గుప్పెడు మూటగట్టి ఉంచుకుంటే
బొచ్చె కూడా పరువు మరిచి పైకొచ్చి నోరు తెరుస్తుంది.
వాలుగకి ఏదిచ్చినా ఒకటే,
మా సూపర్‌వైజర్ లాగ.

ఇదంతా నేర్చుకోడానికి నాలుగేళ్లు పట్టింది నాకు.
చెడగొట్టుకోడానికి నూట ఎనభై రూపాయలు.

గంటస్తంభం దగ్గర కొన్నాను, రబ్బరు కప్ప.
ఆకుపచ్చ వీపు, పసుపు పొట్ట,
తొడల సందున రెండు కొక్కేలు.
నీటి మీద గుటుక్కు గుటుక్కుమంటూ నడుస్తుంటే
నేనే నమ్మేశాను.

శ్రావణం. తూటికాడల పక్కన
ఎర్రటి మరకొకటి కదులుతోంది నీటి మీద,
కొత్త చీర తడిపితే రంగు దిగినట్టు.
వంగి చూస్తే పిల్లలు. వందలు.
వాటి అడుగున నల్లగా, కదలకుండా,
కొర్రమీను.

చుట్ట నోట్లోంచి తియ్యకుండానే అన్నాడు మామ,
"దానికిపుడు ఆకలి నేదు. ఒగ్గీ."
విన్నాను.
వినపడలేదని ఇన్నాళ్లూ అందరికీ చెప్పుకున్నాను.

కప్ప రెండోసారి పడగానే నీళ్లు పగిలాయి.
తినడానికి వచ్చిన దెబ్బ వేరు, చేతికి తెలుస్తుంది.
ఇది గుమ్మంలోంచి చీపురు విసిరిన దెబ్బ.

కిలోన్నర తూగింది.
ఒడ్డున అది ఇసక కొట్టుకుంటున్నంతసేపూ
మరక అక్కడక్కడే తిరిగింది.
తరవాత అంచుల నుంచి చిరగడం మొదలైంది.
ముందుగా వచ్చినవి పక్కెలే,
అన్నం మెతుకుల పక్కెలు.

చింతపులుసు పెట్టింది మా ఆవిడ.
మామకి గిన్నెడు పంపాం.
తిన్నాడు, గిన్నె తోమి పంపాడు.
పై ఆదివారం నా కప్పని అరచేతిలో పెట్టుకుని
పొట్ట నొక్కి చూశాడు.
"బాగా సేసినారు," అన్నాడు.
"నోపల ఏటీ నేదు."

ఆయన పోయాక రెండు వానాకాలాలు.
కొక్కేలు పీకేసి, కన్నాలకి సైకిల్ ట్యూబు ముక్క అంటిస్తే
కప్ప మా గుంటడి నీళ్ల బకెట్లో ఈదుతోంది.

ఇవాళ నీళ్లు తేరుతున్నాయి, ఇంకా పూర్తిగా తేరలేదు.
ఎర్రా, మిడతా?
డబ్బా మూత తీసే ఉంది.
మూడో స్తంభం వెనక ఏదో ఒక్కసారి చప్పరించి ఊరుకుంది.
బెండు ఇంకా జేబులోనే ఉంది.
ఏరేటి తింటందో
సూస్తన్నాను.