బిల్లు అడుగున

రెసీఫెలో మా వీధి చివరి కొట్టువాడిచ్చే బిల్లుకి
అడుగున చీమలంత అక్షరాలు.
చిక్కుడు గింజలు రెండు కిలోలు, నూనె, సబ్బు బిళ్ళ,
ఆ కింద: ఇందులో పన్ను సుమారు ఇంత.
అంచనాయే. ఐనా కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదువుతాను.
నేను కట్టేదానికి నాకున్న రుజువు అదొక్కటే.

రాత్రి పదిన్నరకి విశ్వవిద్యాలయంలో
ఎకనామిక్స్ బ్లాకు మూడో అంతస్తు నా వంతు.
ఇక్కడ ఫీజు లేదు. ఎవరికీ లేదు.
కార్లు నిలపడానికి చోటూ లేదు.

నా కూతురు తైనారా ఈ ప్రవేశ పరీక్ష రెండుసార్లు రాసింది,
లెక్కల మేష్టారు లేని బడిలో లెక్కలు నేర్చుకుని.
ఇప్పుడు పగలు మందుల షాపు,
రాత్రి బస్టాండు పక్క ప్రైవేటు కాలేజీ, నెలనెలా వాయిదా.
ఉచితం చదువు
కొనగలిగిన వాళ్ళకే దొరికింది.

ప్రొఫెసర్ అవెలార్ బోర్డు మీద వదిలేసిన బొమ్మ:
ఒక తిన్నని గీత, దాని కింద
తడిబట్టల బరువుకి జారిన దండెంలా ఇంకో గీత.
మధ్య ఖాళీని సుద్దతో గీరి నింపాడు.
దాని పేరేమిటో నాకు తెలీదు.
దాన్లో నేనెక్కడుంటానో తెలుసు.

మొన్నొక కుర్రాడు, జుట్టు ముడేసుకున్నవాడు,
తుడుస్తున్నాను కాళ్ళెత్తమంటే ఎత్తి, అడిగాడు:
"డబ్బున్నవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుంటే తప్పా, దోనా ఇవొనెతి?"
బూట్లు కొత్తవి. మనసు మెత్తనిదే.
సొమ్మొకడిది సోకొకడిది అని నాలుక చివరిదాకా వచ్చింది.
మింగేశాను.

ఎందుకంటే ఆ లెక్క నేనూ వేసుకున్నాను, ఈ బకెట్టు సాక్షిగా.
గుమ్మంలో బల్ల వేసుకుని ఒకడు కూర్చుంటాడు.
ఉన్నవాడెవడో వాడే తేలుస్తాడు.
ఈ ఏడు వీడి కారు చూస్తాడు,
వచ్చే ఏడు మా ఫ్రిజ్జు,
ఆపై ఏడు తైనారా జీతం చీటీ.
ఒకసారి వేసిన బల్లని ఎత్తేసినవాళ్ళని నేను చూళ్ళేదు.

"ఫీజు వద్దు బాబూ" అన్నాను.
"మీ నాన్న పన్ను దేనిమీద కడుతున్నాడు?
నాలా సబ్బు బిళ్ళ మీదేనా, సంపాదన మీద కూడానా? అదడుగు.
మా పేట బడికి లెక్కల మేష్టారు ఎప్పుడొస్తాడు? అదీ అడుగు."

వాడు గబగబా ఫోనులో రాసుకున్నాడు,
పరీక్షలో వస్తుందనుకున్నాడేమో.

బోర్డు తుడిచేశాను. చేతులకి అంటిన తెలుపు ఓ పట్టాన పోదు.
తైనారా కబురు: బస్సు తప్పింది, అన్నం మూతపెట్టి ఉంచు.
సుద్దముక్కలు అయిపోయాయి, రేపు స్టోరులో అడగాలి.
వాటి బిల్లు అడుగున కూడా
ఆ చీమల వరస ఉంటుందేమో చూడాలి.