కుడిచేతి కడియం

గుణుపురంలో మూడు రోజులు షూటింగ్.
దుకాణాల బోర్డులు రాసేవాణ్ణని నన్ను పిలిచి
థర్మాకోల్ ముక్కలకి రాళ్ళ రంగు వెయ్యమన్నారు.
రోజుకి ఆరొందలు, మధ్యాహ్నం అన్నం, దాల్మా.

వంశధార రాయి రంగు నాకు తెలుసు.
బూడిద ఒక్కటీ చాలదు. అడుగున కాస్త నాచుపచ్చ,
ఎండిన వైపు ఇటుకపొడి.
నాలుగొందల రాళ్ళు చేశాను.
ఆర్ట్ డైరెక్టరు ఒకటి ఎగరేసి పట్టుకుని
"బరువు కూడా వేశావా ఏంటి" అన్నాడు.

అది నవ్వులాట సినిమా.
ఎవర్నీ నొప్పించని శత్రువు కావాలి కదా,
కులం వద్దు, మతం వద్దు, భాష అసలే వద్దు, ఇది బోర్డరు.
రాత్రంతా ఆలోచించి పుర్రచేతివాళ్ళని పెట్టారు.
కరువుకి పుర్రచెయ్యే కారణమంటాడు నాయకుడు.
ఇంటికో కుడిచేతి కడియం ఉచితమంటాడు.
టీవీలో ఒకాయన గాజుబల్ల గుద్ది
"దేశానికి జవాబు కావాలి" అని దేశం తరఫున అరుస్తాడు.
సెన్సారువాళ్ళు కడుపుబ్బ నవ్వి పంపేశారట.

నా రాళ్ళు సిమ్మయ్య టైలరు కొట్టు మీద పడ్డాయి.
పుర్రచేత్తో కత్తెర పడతాడు, అందుకే ఆ కొట్టు. అద్దె ఇచ్చారు.
"కట్" అనగానే విసిరినవాళ్ళే రాళ్ళు ఏరిపెట్టి
టీ తాగి, ఇద్దరు చొక్కాలకి కొలతలు కూడా ఇచ్చెళ్ళారు.

సినిమా వచ్చింది. హాల్లో అందరం నవ్వాం.
రెండోసారి నాయకుడు నోరు విప్పకముందే నవ్వొచ్చింది.
మూడోసారికి ఈలలు.
నాలుగోసారి, నవ్వినవాళ్ళ వైపు
ముందు వరసలు వెనక్కి తిరిగి చూశాయి.

సుబుద్ధి బాబు కేబుల్లో రాత్రి ఎనిమిదింటికి
"సినిమానే కావచ్చు, కానీ" అని చర్చ మొదలైంది.
ఆ కానీ ఇంకా అయిపోలేదు.
టీ కొట్లో గ్లాసు అందుకునే చేతులు చూస్తున్నారు.
నామినేషన్ వేసినాయన నిజంగానే కడియాలు పంచాడు, స్టీలువి.
మా ఆవిడ రెండు తెచ్చింది.
ఊరికే వచ్చినవి కదా, అంది.

ఊరేగింపు బజారుకొచ్చింది.
డాహాణొ! డాహాణొ!
ఒడియాలో అది కుడి.
మా తెలుగు వీధిలోకి మళ్ళేసరికి
దహనం అయింది.
ఎవరూ సరిదిద్దలేదు.
రెండు భాషలూ వచ్చినవాళ్ళమే, అందరం.

సిమ్మయ్య మొదటి రాయికి నవ్వాట్ట.
రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టాట్ట.
ఏ చెయ్యో చెప్పక్కర్లేదు.
నేను మేడ మీంచి
"కట్" అనేవాడి కోసం వెతుకుతున్నాను.

స్టేషన్లో గోనెసంచి విప్పి అడిగారు,
ఇందులో నీవెన్ని, ఏటివెన్ని?
ఒక్కటే నాది. రంగు చెదరలేదు.
గుంపులో నడవక తప్పనివాడెవడో
తగిలినా నొప్పెట్టకూడదని
ఇన్నాళ్ళూ దాచిందే విసిరాడేమో.
వాణ్ణి ఒకసారి చూడాలనుంది.

వాంగ్మూలం కింద సంతకం పెట్టమన్నారు.
పెన్ను కుడిచేత్తో పట్టుకున్నాను.
కడియం బల్లకి తగిలి ఖంగుమంది.
యాభైరెండేళ్ళ నా పేరు
పలక పట్టిన పిల్లాడి రాతలా వంకర్లు పోయింది.
"బోర్డులు రాసేవాడి రాతా ఇది?" అన్నాడు ఎస్సై.

జొరం బాబూ, అన్నాను.