ముద్ర

గుంటూరు బస్టాండు దగ్గర నా ఆటో ఎక్కింది
తెల్లచొక్కా, చేతికర్ర, గడ్డి టోపీ.
హిసాకో అట పేరు.
వాళ్ళ దేశంలో ఎనభై ఎనిమిది గుళ్ళు నడిచిందట,
గుడిగుడికీ పుస్తకంలో ఎర్రముద్ర.

తెనాలి రోడ్డు వదిలి, అరటితోటల వెనక
దిబ్బ దగ్గర దించాను.
గుడి లేదు, గంట లేదు.
పాత ఇటుకల మీద ఎవరో పసుపుకొమ్ములు ఆరబోశారు.

చెప్పులు విడిచి మూడుసార్లు చుట్టొచ్చింది,
పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా.
ఖాళీ పేజీ తెరిచి పెన్ను నా చేతికిచ్చింది:
ఈ చోటుని మీవాళ్ళు ఏమంటారో రాయి.

మావాళ్ళు అనేదా!
అది ఆడమనిషి ముందు అనే మాట కాదు.
ఏ కాలంలో ఎవరు అంటించిన తిట్టో,
మా నాయనమ్మ మాత్రం నాలుక కరుచుకోకుండానే అనేది
మేక తప్పిపోయినప్పుడల్లా,
"ఆ దిబ్బ మీద చూడరా" అని.

చాలాసేపు నిలబడి
"దిబ్బ" అని రాశా.
ముందుమాట మింగేశా.

పిడికిలితో అరచేతిలో గుద్ది చూపింది: ముద్ర?

సీసాలో నీళ్ళతో ఇటుకపొడి తడిపి
బొటనవేలు నొక్కాను,
మా నాన్న సొసైటీ అప్పుకి నొక్కినట్టు.

ఊది ఆరబెట్టి దణ్ణం పెట్టింది,
దిబ్బకో, పుస్తకానికో.

రాత్రి కిరాయి లెక్కపెడుతుంటే
నోట్లన్నిటి మీదా
ఎర్రమట్టి.