మేకుల డబ్బా

వార్డో లైబ్రరీ వెనక గదిలో
నాలుగు కుర్చీలు గుండ్రంగా వేశాను.
బల్ల తీయించేశాను.
బల్ల ఉంటే మనుషులు దాని వెనక దాక్కుంటారు.

నేను జడ్జీని కాను.
ముప్ఫై ఒక్కేళ్లు బస్సు నడిపినవాణ్ణి.
ఊళ్లోవాడివే కదా,
మధ్యవర్తిగా కూర్చోమని ఉత్తరం రాశారు.
నాకొచ్చిన విద్య ఒక్కటే:
మంచులో పరుగెత్తుకొస్తున్నవాడు అద్దంలో కనబడితే
తలుపు ఇంకాసేపు తెరిచి ఉంచడం.

అక్టోబరు చివర. మూడింటికే చీకటి.
గున్‌వోర్ కోటు విప్పలేదు.
డెబ్భై ఎనిమిదేళ్లు. ఒళ్లో సంచి,
సంచి మీద రెండు చేతులూ.
ఎదురుగా సేవెరిన్, పదహారేళ్లవాడు,
చొక్కా చేతుల్ని వేళ్ల కొసల దాకా లాక్కుని.
పక్కన వాళ్లమ్మ మారిట్,
చేపల ఫ్యాక్టరీ నుంచి అలాగే వచ్చేసింది
జుట్టు మీద వల టోపీ ఉందని మరిచిపోయి.

ఆగస్టులో వాడు ఆవిడ పడవల కొట్టం తగలబెట్టాడు.
కాగితంలో కొట్టం విలువ ఉంది,
గాలి ఎటు వీచిందో ఉంది,
ఫైరింజను వచ్చిన టైము ఉంది.

"చెప్పండి" అన్నాను.
ఎవరితో అన్నానో నాకే తెలియదు.

హీటరు టిక్కుటిక్కుమంది.
ఫ్లాస్కులో కాఫీ చల్లారింది.
కిందటి నెల ఇదే గదిలో ఇద్దరు అన్నదమ్ములు
మూడు గంటలు కూర్చుని, ఒక్క ముక్క మాట్లాడక
చెరో దారినా పోయారు.
ఇదీ అంతేననుకున్నాను.

అప్పుడు ఆవిడ అడిగింది.
ఎందుకు చేశావని కాదు,
ఆ ప్రశ్నని పోలీసులు అప్పటికే అరగదీసేశారు.
"బిస్కెట్ల డబ్బా పడ్డ చప్పుడు విన్నావా?"

వాడు తలెత్తాడు.

"మా ఆయన వంగిన మేకు ఒక్కటీ పారేసేవాడు కాదు.
చలికాలమంతా రాతి మీద పెట్టి కొట్టి, తిన్నగా చేసి
ఆ డబ్బాలో వేసేవాడు. నలభై ఏళ్ల మేకులు.
అటక మీద ఉండేది. పడే ఉంటుంది.
ఎలా పడిందో చెప్పగలిగినవాడివి
నువ్వొక్కడివే."

వాడికి మాట పెగలడానికి చాలాసేపు పట్టింది.
నేను తలుపు మూయలేదు.

"విన్నాను. వడగళ్ల వానలా.
లోపల ఎవరో ఉండి గోడ బాదుతున్నారనుకున్నాను."

"అనుకుని?"

"లోపలికెళ్లాను."

చొక్కా చెయ్యి పైకి జరిపాడు.
మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం
పాల మీద మీగడని పక్కకి నెట్టినట్టు ముడుచుకుని.

"వేడి నూనె పడిందన్నావు కదరా" అంది మారిట్.
ఆ మాట తర్వాత
ఆమెకి ఇంకో మాట దొరకలేదు.

"తెలివితక్కువ వెధవా" అంది గున్‌వోర్.
"లోపల ఎవరూ లేరు. ఆయన పోయి తొమ్మిదేళ్లు."
కాసేపాగి మళ్లీ,
"లోపల ఎవరూ లేరు" అంది,
ఈసారి వాడితో కాదు.

ఫారంలో క్షమాపణకి ఒక గడి ఉంది.
చూపించాను. అది ఖాళీగా ఉంచమంది.
కింద గీత మీద తనే రాసింది, అక్షరాలు ఒత్తి ఒత్తి:
శనివారాలు, పది గంటలకి.
మంచు కప్పేలోపు మసిమట్టి జల్లెడ పట్టి మేకులు ఏరాలి.
ఎవరి సుత్తి వాళ్లు తెచ్చుకోవాలి.

"కాలిన మేకుకి గట్టిదనం ఉండదంటారు" అన్నాడు వాడు,
సంతకం పెడుతూ.
"చూద్దాం" అంది ఆవిడ.

అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతుంటే
ఆవిడ కుర్చీ కింద సంచి కనబడింది,
గంటన్నర ప్రాణంలా పట్టుకుని కూర్చున్నది.
లైటు ఆర్పకుండా
తలుపు దగ్గర కూర్చున్నాను.