ఆదివారం గడి

గ్యారీ ఊళ్ళో, సరస్సు మీంచి వచ్చే గాలికి
ఎజెల్ మేబ్రీ గారి జాలీ తలుపు
నాకంటే ముందే తనను తాను తట్టుకుంటుంది.

"మళ్ళీ వచ్చావా వెర్నెల్?
ఈసారి ఏం లాక్కుపోతావు?"

ఉప్పుడబ్బా పోయిన నెలే అటక ఎక్కింది.
ఉప్పూకారం తినే ఒళ్ళే నాదీ అని
రెండ్రోజులు తిండి మానేశాడట.
పొగబెట్టిన టర్కీ మెడ పడకపోతే
అది ఆకుకూర కాదు, తడిసిన ఆకు అంటాడు.
వెనిగరూ వెల్లుల్లీ ఎండుమిరపా వేసి పెట్టాను.
ఒప్పుకోలేదు.
గిన్నె మాత్రం ఖాళీ చేశాడు.

ముప్ఫై ఒక్కేళ్ళు ఉక్కు ఫ్యాక్టరీలో
బాయిలర్ల ముందు నిలబడ్డ మనిషి.
ముల్లు ఎర్రగీత దాటితే
నిద్రలో కూడా చెయ్యి వాల్వు మీదికి పోయేది.
ఆయన ముల్లు ఎక్కడుందో
ఎవరూ చూడలేదు,
చూసినవాళ్ళు చెప్పలేదు,
చెప్పినవాళ్ళు గడియారం చూసుకుంటూ చెప్పారు.
అక్క రూబెల్ తల పగిలిపోతోందంటే
ఆస్పత్రిలో "కాస్త ఓర్చుకో" అన్నారు.
ఆ ఓర్పుని ఆ శనివారమే పూడ్చారు.

అందుకే నేను తొందరపడను.
పాదాలు నేలకి ఆనించమంటాను.
చెయ్యి గుండె ఎత్తున, దిండు మీద.
ఐదు నిమిషాలు మాటల్లేవు,
ఫ్రిజ్ ఒక్కటే మూలుగుతుంది.
పట్టీ బిగుసుకుని, నెమ్మదిగా వదులుతుంది.
నూట అరవై ఎనిమిది. కింద తొంభై ఆరు.

సోమవారం కదా, మాత్రలపెట్టె తెరిచాను.
శనిదాకా ఖాళీ.
ఆదివారం గడిలో నీటిమాత్ర అలాగే ఉంది,
చర్చి ఎగ్గొట్టిన పిల్లాడిలా.
సొరుగులో ఇంకో మూడు, రుమాల్లో చుట్టి.

నేను అడగలేదు. ఆయనే గోడకి చెప్పాడు:
"తెల్ల చేతిజోళ్ళు తొడుక్కుని
వచ్చినవాళ్ళని కూర్చోబెడుతూ
ద్వారం దగ్గర మూడు గంటలు నిలబడాలి.
ప్రార్థన మధ్యలో నేనే పరుగెత్తితే
ఏం మర్యాద?"

ఫైలులో దీనికి
మాట వినని రోగి అని రాసి ఉంది.

డాక్టరుకి ఫోన్ చేసి
పన్నెండు నిమిషాలు వాళ్ళ పియానో విన్నాను.
ఆదివారం మాత్ర మధ్యాహ్నం మూడింటికి మారింది,
చేతిజోళ్ళు విప్పాక.
అంతే. ఇంతకంటే వైద్యం ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు గళ్ళ పుస్తకంలో రోజూ
తేదీ, వేళ, రెండు అంకెలు, సంతకం.
సంతకం ఎందుకన్నాను.
"షిఫ్టు ఎవరిదో తెలియొద్దూ?"

నెల తిరిగేసరికి నూట నలభై నాలుగు.
"ఇంకా గీత పైనే ఉంది."
"కదిలిందిగా," అన్నాడు.

వెళ్తుంటే తలుపు తీసి పట్టుకున్నాడు,
వీపు నిటారుగా,
ఎడమచెయ్యి నడుము వెనక మడిచి,
నాకో మంచి చోటు చూపించబోతున్నట్టు.