కింది గీత

కాశీబుగ్గలో జీడి బట్టీ మేడ మీద
బోర్మా వేడికి గోడలు చెమర్చే గదిలో
తర్లా షావుకారుకి లెక్కల ప్రోగ్రాము రాస్తున్నాను.

ఒక ఫంక్షన్. పేరు ఒలుపు.
లోపలికి ఇచ్చేది ఒకటే: ఎనభై కిలోల పిక్కల బస్తా.
తిరిగొచ్చేవి అయిదు:
గుండు, బద్ద, నూక, పొట్టు, పెంకు.
పలాస స్టేషన్లో పాసింజరు దిగిన జనంలా
ఒకే రిటర్న్‌లో, ఒకేసారి.

"నాకు గుండు చాలు, మిగతావెందుకయ్యా" అన్నాడు.
వద్దన్నా వస్తాయండీ,
పట్టడానికి అయిదు గిన్నెలు పెట్టాల్సిందే అన్నాను.
మొదటిదానికి పేరు రాశాను.
తక్కిన నాలుగింటికీ ఒక్కో కింది గీత.
అండర్‌స్కోర్ అంటే అంతే:
వచ్చావు, సరే, నిన్ను పిలవను.

తర్వాత కూలీ చీటీలకని గిన్నెలన్నిటికీ పేర్లు పెట్టాను.
శుక్రవారం రాత్రి, నిద్రమత్తులో
ఫంక్షన్ లోపల వరస మార్చాను,
బద్ద ముందుకి, గుండు వెనక్కి.
పిలిచేచోట మార్చలేదు.
మిషను కేకెయ్యలేదు. దానికి పేర్లు పట్టవు,
అంకె అంకెలాగే ఉంది.

శనివారం బట్వాడా.
దాలమ్మ మెట్లెక్కి వచ్చింది, చీటీ వేలి కొసన పట్టుకుని.
"ఏటి బాబూ, నా గుండులేవీ?
నీ డబ్బా అన్నీ బద్దలంతంది.
కుడి సేతిది ఎడం బుట్టలో
ఎప్పుడైనా ఏసినానా నాను?"

వెయ్యలేదు. కింద షెడ్డులో చూశాను కదా:
కాలు తొక్కుతుంది, కత్తి దిగుతుంది, సూది తిరుగుతుంది,
పప్పు కుడికి, పెంకు ఎడమకి, పుచ్చు ఒళ్ళోకి.
రెప్పపాటులో మూడు.
ఇరవై రెండేళ్ళు.

సరిచేశాను. నూట నలభై తక్కువ పడింది, ఇప్పించాను.
నోట్లు అందుకోడానికి చేతులు చాచింది.
బూడిద రాసినా, ఆముదం రాసినా పోని జీడి,
రేఖలు తినేసిన నలుపు.
రేషను డిపో మిషను మీద
ఆ వేలికి తిరిగొచ్చేది ఒకటే జవాబట: సరిపోలేదు.
చెబుతూ నవ్వింది, నాకెందుకు నవ్వు రాలేదో అడిగింది.

షావుకారు కిందనుంచి అరుస్తున్నాడు
లైటార్పి దిగమని, కరెంటు బిల్లని.

లోపలికి ఇచ్చేది ఒకటే అని పైన రాశాను. తప్పు.
బస్తా వెనకే చెయ్యి కూడా వెళ్తోంది.
తిరిగొస్తోంది కూడా, రోజుకి కొంచెం తక్కువగా.
పెంకు తర్వాత ఒక కామా పెట్టాను.
ఆ ఆరోదానికి ఏ పేరూ తోచడం లేదు.
నల్లటి తెర మీద కర్సర్
ఆరుతూ వెలుగుతూ,
అదీ ఒక కింది గీతే.